పోతుంటిమి, పోయినం: ఇటాలియన్ భూతకాలం గురించి

"తెలుగులో ఆలోచించడం మానేయండి. ముందు ఇంగ్లీషులో వాక్యం అనుకోండి, ఆ తర్వాత దాన్ని ఇటాలియన్‌లోకి మార్చండి." మా అక్క బిడ్డ చేరిన ఆన్‌లైన్ క్లాసులో టీచరు ప్రతి పాఠానికీ ముందు చెప్పే మాట ఇది. మొదట్లో నేను పట్టించుకోలేదు. భూతకాలం పాఠాలు మొదలయ్యాక మాత్రం ఆ మాట చెవిలో పడినప్పుడల్లా లేచి వెళ్ళి వాదించాలనిపించేది. వాదించడానికి అది నా క్లాసు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సంగతి ఏమిటంటే, బిడ్డకు ఇటలీలో పీజీ సీటు వచ్చింది. ఈ మధ్య మన జిల్లాల పిల్లలు అటు ఎందుకు పోతున్నారో మీకు తెలిసిందే: ఫీజు తక్కువ, ఇంటి ఆదాయం చూసి అక్కడి ప్రాంతీయ స్కాలర్‌షిప్ ఇస్తారు. చదువు ఇంగ్లీషులోనే. కానీ ఇల్లు అద్దెకు మాట్లాడాలన్నా, డాక్టరుకు కడుపునొప్పి ఎప్పటి నుంచో చెప్పాలన్నా ఇటాలియన్ కావాలి. నేను మహబూబ్‌నగర్‌లో బడి పిల్లలకు సోషల్ చెప్తాను. సాయంత్రాలు దాని పక్కన కూర్చుని, దానికంటే ఎక్కువ నేనే ఆ వ్యాకరణంలో పడిపోయాను.

నా వాదన ఇంతే. ఇటాలియన్ భూతకాలాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటే లేని చిక్కులు వస్తాయి. మన ఇళ్ళలో మాట్లాడే పాలమూరు తెలుగు మీదుగా నేర్చుకుంటే ఉన్న చిక్కుల్లో సగం పోతాయి. ఇక్కడ తెలుగు అంటే పాఠ్యపుస్తకాల తెలుగు అని కూడా నా ఉద్దేశం కాదు. అచ్చంగా ఇంట్లో మాటే.

రోజువారీ ఇటాలియన్ మాటల్లో రెండు భూతకాలాలు నడుస్తాయి. ఒకటి పస్సాతో ప్రోస్సిమో: పని జరిగింది, అయిపోయింది. ‘ఓ మంజాతో’ అంటే తిన్న. రెండోది ఇంపర్ఫెత్తో: అప్పట్లో అలవాటుగా జరిగేది, లేదా ఆ సమయానికి ఇంకా నడుస్తున్నది. ‘మంజావో’ అంటే తింటుంటి. నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ రెండింటిలో ఏది ఎప్పుడు వాడాలన్న దగ్గరే.

ఇంగ్లీషు ఇక్కడ ఏం సాయం చేస్తుంది? "వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, వియ్ వెంట్ టు ద జాతర ఎవ్రీ ఇయర్." ఇందులో ‘వెంట్’ ఉంది. నిన్న ఒక్కసారి పోయినా అదే ‘వెంట్’. టీచరు చెప్పినట్టు ఇంగ్లీషులో వాక్యం అనుకున్న బిడ్డ ‘సియామో అందాతి’ అని రాసింది. అంటే పోయినం, అయిపోయింది. తప్పని ఎర్ర గీత పడింది. ‘వెంట్’ ఉన్నచోట ‘యూజ్డ్ టు’ పెట్టి చూడండి, సరిపోతే ఇంపర్ఫెత్తో వాడండి అని టీచరు ఒక చిట్కా చెప్పారు. ఆ తర్వాత ‘వాజ్ గోయింగ్’ ఉన్నా ఇంపర్ఫెత్తోయే అని రెండో చిట్కా. వాతావరణం, వయసు, మనసులో ఉన్న భావం చెప్పేటప్పుడు కూడా అదే అని ఇంకో చిట్కా. నోటు పుస్తకంలో ఒక పేజీ నిండింది.

నేను దాన్ని ఒక్కటే అడిగాను. "కురుమూర్తి జాతర గురించి మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు."

"ఏడాదికోసారి కురుమూర్తికి పోతుంటిమి" అంది.

"పోయినం అని ఎందుకనలే?"

"అట్లెట్లంటరు చిన్నమ్మా, ఏడాదికోసారి అన్నంక?"

దానికి ఏ చిట్కా అక్కర్లేకపోయింది. పోతుంటిమి అంటే ‘అందవామో’. పోయినం అంటే ‘సియామో అందాతి’. తేడా దాని నోట్లో పుట్టినప్పటి నుంచే ఉంది.

ఇక్కడ పుస్తకాల తెలుగు కంటే ఇంటి తెలుగే ఎందుకు దగ్గరో చూడండి. పుస్తకాల తెలుగు అలవాటును ఒకలా చెప్తుంది, నడుస్తున్న పనిని ఇంకోలా చెప్తుంది. ‘ప్రతి ఏడూ వెళ్ళేవాళ్ళం’ ఒకటి, ‘మేం వెళ్తూ ఉండగా వాన వచ్చింది’ ఇంకొకటి. మన దగ్గర రెండూ ఒక్క రూపంలోనే పడతాయి. ‘ఏడాదికోసారి పోతుంటిమి’, ‘మేం పోతుంటిమి, అప్పుడే వానొచ్చింది’. ఇటాలియన్‌లో కూడా రెండు చోట్లా అదే ‘అందవామో’. పైగా ‘వెళ్ళేవాణ్ణి’, ‘వెళ్ళేదాన్ని’ అని మాట్లాడేది మగా ఆడా అన్నది పుస్తకాల తెలుగులో బయటపడుతుంది. పోతుంటి అంటే ఎవరైనా కావచ్చు. ‘అందావో’ కూడా అంతే.

అమ్మ చెప్పిన బొంబయి సంగతి

ఇదంతా ఒక్క వాక్యంతో తేల్చిన తీర్పులా ఉందని నాకే అనుమానం వచ్చింది. అందుకని అమ్మను కూర్చోబెట్టి నాయన వలసపోయిన రోజుల గురించి చెప్పమన్నాం. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసిన ఆ కాలం. బిడ్డ విన్నది విన్నట్టు రాసుకుంది. అమ్మ చెప్పింది ఇది:

"మీ తాత బొంబయిల మట్టిపని చేస్తుండె. ఉగాదికి ఇంటికొస్తుండె. వచ్చేటప్పుడు స్టీలు గిన్నెలు తెస్తుండె. ఒక ఏడు ఉగాదికి రాలే. నాకు భయమైంది. పక్కింటాయనతోటి ఉత్తరం రాయించిన. పదిహేను దినాలకు వచ్చిండు. చెయ్యి ఇరిగుండె."

ఇప్పుడు దీన్ని ఇటాలియన్‌లో పెట్టండి. చేస్తుండె ‘లవోరావా’, వస్తుండె ‘తొర్నావా’, తెస్తుండె ‘పొర్తావా’. మూడూ ఇంపర్ఫెత్తో. రాలే ‘నోన్ ఎ తొర్నాతో’, వచ్చిండు ‘ఎ తొర్నాతో’. రెండూ పస్సాతో ప్రోస్సిమో. ఏడాదికేడాది సాగిన బతుకంతా ఒక కాలంలో, ఆ బతుకును ఆపేసిన సంఘటన ఇంకో కాలంలో. ఇటాలియన్ పాఠ్యపుస్తకాలు నేపథ్యం, సంఘటన అని బొమ్మలు గీసి చెప్పే పాఠం ఇదే. మా అమ్మ బడి మెట్లెక్కలేదు.

భయమైంది అన్న మాట దగ్గర బిడ్డ ఆగింది. భావం కదా, చిట్కా ప్రకారం ఇంపర్ఫెత్తో రావాలి, ‘అవేవో పవూరా’ అనాలి. కానీ అమ్మ భయముండె అనలేదు. భయమైంది అంది. ఉగాది దాటింది, మనిషి రాలేదు, అప్పుడు పట్టుకుంది భయం. ‘ఓ అవూతో పవూరా’ అనాలి. చిట్కాను నమ్ముకుంటే ఇక్కడ తప్పు పోయేది. అమ్మ వాడిన క్రియను నమ్ముకుంటే సరిగ్గా వచ్చింది.

అన్నింటికంటే నన్ను కదిలించింది చివరి మాట. చెయ్యి ఇరిగుండె. తాత వచ్చేనాటికే చెయ్యి విరిగి ఉంది, అంటే భూతకాలానికి ముందరి భూతకాలం. ఇటాలియన్‌లో దాన్ని త్రపస్సాతో ప్రోస్సిమో అంటారు. ‘సి ఎరా రొత్తో ఇల్ బ్రాచ్చో’ అనే ఆ వాక్యంలో ‘ఎరా’ అంటే ఉండె, ‘రొత్తో’ అంటే ఇరిగి. ఇరిగి, ఉండె: మన దగ్గర వరస తిరగబడింది, అంతే. పేరు చూసి ఇదేదో పెద్ద పాఠమని బిడ్డ భయపడింది గానీ, పాఠం వచ్చేసరికి దానికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ మిగల్లేదు.

ఇంకో జంట కూడా చెప్పాలి. ఇటాలియన్‌లో ‘సపేవో’ అంటే ముందే తెలుసు, ‘ఓ సపూతో’ అంటే అప్పుడు తెలిసింది. ఒకటే క్రియ, కాలం మారగానే అర్థం మారింది. ఇంగ్లీషులో ‘న్యూ’, ‘ఫౌండ్ అవుట్’ అని రెండు వేర్వేరు క్రియలు కాబట్టి అటు నుంచి వచ్చినవాళ్ళకు ఇది ప్రత్యేకంగా బట్టీ పట్టే పాఠం. మనకు? నాకు ఎర్కుండె, నాకు ఎర్కైంది. అయిపోయింది పాఠం.

కాదని చెప్పే సంగతులు

నా వాదనకు ఎదురుగా ఉన్నవి దాచిపెడితే అది వాదన కాదు.

గడియారం దగ్గర ఇది పూర్తిగా దెబ్బతింటుంది. ‘అప్పుడు ఎనిమిదైంది’ అంటాం మనం, అయిపోయిన పనిలాగా. ఇటాలియన్‌వాళ్ళు ‘ఎరనో లె ఒత్తో’ అంటారు, ఇంపర్ఫెత్తోలో. మన మాటను నమ్ముకుంటే ఇక్కడ తప్పు ఖాయం. వయసు దగ్గర మళ్ళీ కలుస్తుంది: నాకు పదేండ్లుండె, ‘అవేవో దియేచి అన్ని’. కాబట్టి కళ్ళు మూసుకుని నడిచే దారి కాదు ఇది.

పెద్ద గొడవ సహాయక క్రియది. పస్సాతో ప్రోస్సిమోలో కొన్ని క్రియలకు ‘అవేరే’ (కలిగి ఉండడం) తోడు రావాలి, కొన్నింటికి ‘ఎస్సెరే’ (ఉండడం). తిన్న అంటే ‘ఓ మంజాతో’, పోయిన అంటే ‘సోనో అందాతో’. పోయింది ఆడమనిషైతే ‘సోనో అందాతా’. కదలిక ఉంటే ఎస్సెరే అని క్లాసులో చెప్పారు. మరి నడిచిన అంటే ‘ఓ కమ్మినాతో’. ఈత కొట్టినా, ప్రయాణం చేసినా అవేరేనే. కదలిక లేకపోయినా పుట్టడానికీ, చావడానికీ, ఉండిపోవడానికీ ఎస్సెరే. ఈ జాబితా బట్టీ పట్టాల్సిందే. ఇక్కడ తెలుగు అడ్డం రాదు, అలాగని ఆదుకోదు కూడా.

అయితే జాబితాలో ఒక మూల మాత్రం మనది. ఇటాలియన్‌లో కొన్ని క్రియలు రెండు వైపులా పోతాయి. ‘ఇల్ ప్రెత్సో ఎ ఔమెంతాతో’ అంటే ధర పెరిగింది. ‘అన్నో ఔమెంతాతో ఇల్ ప్రెత్సో’ అంటే ధర పెంచిన్రు. సినిమా ఒడిసింది అంటే ‘ఇల్ ఫిల్మ్ ఎ ఫినీతో’, పని ఒడగొట్టిన అంటే ‘ఓ ఫినీతో ఇల్ లవోరో’. దానంతటది అయితే ఎస్సెరే, ఎవరో చేస్తే అవేరే. పెరుగు-పెంచు, మారు-మార్చు, ఒడుసు-ఒడగొట్టు అని మనం క్రియనే మార్చి చెప్పే తేడాను వాళ్ళు తోడు క్రియను మార్చి చెప్తారు. ఇంగ్లీషులో ‘ఇంక్రీజ్డ్’ రెండు చోట్లా ఇంక్రీజ్డే, తేడా ఉందన్న అనుమానమే రాదు. మెట్లు దిగడం లాంటి చోట ఇదీ తప్పుతుంది. రైలు దిగితే ఎస్సెరే, మెట్లు దిగితే అవేరే, మనకు రెండూ దిగుడే.

మాట్లాడేది ఆడో మగో క్రియలో చూపించడం మా ఇంటి తెలుగులో పెరిగిన బిడ్డకు కొత్త. ఇంగ్లీషులోనూ లేదు. కానీ మహబూబ్‌నగర్ బజార్లో పెరిగిన పిల్లకు ఉర్దూ చెవికి కొత్త కాదు. ‘మైఁ గయీ’ అన్నట్టు ‘సోనో అందాతా’ అంటే తలాడించింది. ఇంట్లో మాట అంటే మన ఊళ్ళో ఒక్క తెలుగే కాదు మరి.

టీచరు పక్షాన కూడా ఒక మాట. ఆ క్లాసులో మలయాళీలున్నారు, మరాఠీలున్నారు, విజయవాడ పిల్లలున్నారు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఇంగ్లీషే. పాలమూరు పిల్ల కోసం పోతుండె, మలప్పురం పిల్ల కోసం ఇంకోటి చెప్పలేరు. ఇంగ్లీషులో పాఠం చెప్పడం తప్పని నేను అనను. ‘మీ భాషలో ఆలోచించకండి’ అనడంతోనే నా గొడవ. ‘మీ ఇంట్లో దీన్ని ఎట్లా అంటారో ఒకసారి చూసుకోండి’ అంటే ఖర్చేముంది?

మా స్కూల్లో పని చేసే ఒక సారుకు ఇదంతా చెప్తే నవ్వారు. "మీ యాస మీద ప్రేమతో ఎక్కడ లేని పోలికలు వెతుకుతున్నరు మేడం. ద్రావిడ భాషకూ లాటిన్ బిడ్డకూ ఏం సంబంధం?" చుట్టరికం లేదు, నిజమే. కానీ నేను చుట్టరికం కలపడం లేదు. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అన్నారని సభల్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు కలుపుతారు చుట్టరికం, మాటలు అచ్చుతో ముగుస్తాయన్న ఒక్క సాకుతో. ఆ గొప్ప చెప్పుకునేవాళ్ళే మా ‘పోతుండె’ వింటే నోరు నొక్కుకుంటారు, అది వేరే సంగతి. నాకు కావలసింది పనికొచ్చే పోలిక. అది యాదృచ్ఛికమే అయినా వాడుకోవడానికి ఏం అడ్డం?

బడి మెచ్చని మాటలు

సారు మాట మీద కొన్నాళ్ళు నాకూ నమ్మకం సడలింది. దాన్ని మళ్ళీ నిలబెట్టింది ఒక వాక్యం. ఇటాలియన్ యూట్యూబ్ వీడియో ఒకదాంట్లో ఇద్దరు స్నేహితులు గొడవపడుతున్నారు. ఒకడు అంటాడు: ‘సె మె లో దిచేవి, వెనీవో.’ బిడ్డ వెంటనే వీడియో ఆపింది. పుస్తకం ప్రకారం అక్కడ వేరే రూపాలు రావాలి. జరగనిదాన్ని ఊహించి చెప్పడానికి పుస్తకంలో రెండు పొడుగాటి రూపాలున్నాయి, ఒకటి ‘అయితే’ వైపు, ఇంకోటి ‘అయ్యేది’ వైపు. ఇతనేమో రెండు వైపులా మామూలు ఇంపర్ఫెత్తో పెట్టేశాడు. ‘దిచేవి’ అంటే చెప్తుంటివి. ‘వెనీవో’ అంటే వస్తుంటి.

నువ్వు చెప్తే నేను వస్తుంటి గదా!

మనం అనేది అదే కదా. పిలిచింటే వచ్చేవాణ్ణి అని బడిలో రాయిస్తారు, ఇంట్లో మాత్రం ‘పిలిస్తే వస్తుంటి’. ‘వస్తుంటి’ అన్న మాట ఒకచోట అలవాటు, ఒకచోట నడుస్తున్న పని, ఒకచోట జరగకుండా పోయినది. ఇటాలియన్ ఇంపర్ఫెత్తో కూడా సరిగ్గా ఈ మూడు పనులూ చేస్తుంది. మూడో పనిని అక్కడి వ్యాకరణ పంతుళ్ళు కూడా మెచ్చుకోరు, మాటల్లో సరే గానీ రాతలో వద్దంటారు. ఇది విన్నాక నేను సారుతో మళ్ళీ వాదనకు పోలేదు, అవసరం అనిపించలేదు.

నిజానికి ఇటలీ కథ మన కథకు మరీ దూరమేం కాదు. 1861లో ఆ దేశం ఒక్కటైనప్పుడు ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్ళు నూటికి రెండున్నర మందేనని తుల్లియో దె మౌరో అనే భాషావేత్త లెక్క కట్టాడు. పది మంది దాకా ఉంటారని అర్రిగో కస్తెల్లాని సవరించాడు. ఎవరి లెక్క తీసుకున్నా, మిగతా జనమంతా ఇంట్లో తమ ప్రాంతపు మాటే మాట్లాడారు. ఫ్లోరెన్సు వైపు మాట బడిభాష అయింది. బడి, సైన్యంలో కొలువు, పట్నాలకు వలస, 1954లో మొదలైన టీవీ, అన్నీ కలిసి దాన్ని ఇళ్ళలోకి తెచ్చాయి. అందుకే ఈనాటికీ భూతకాలం ఊరు మారితే మారుతుంది.

అది కూడా క్లాసులో చెప్పరు. ఇంకో భూతకాలం కూడా ఉంది, పస్సాతో రెమోతో. కథలు, చరిత్ర పుస్తకాలు నిండా అదే. ఉత్తరాన మిలానులో, తూరినోలో మాటల్లో అది దాదాపు వినిపించదు. ఎన్నేళ్ళ కిందటి సంగతైనా పస్సాతో ప్రోస్సిమోలోనే చెప్తారు. దక్షిణాన, ముఖ్యంగా సిసిలీలో, పొద్దున జరిగినదానికి కూడా రెమోతో వాడేవాళ్ళున్నారు. టస్కనీలో రెండూ బతికే ఉన్నాయి. ‘దూరపు గతానికి రెమోతో, దగ్గరి గతానికి ప్రోస్సిమో’ అన్న పుస్తకపు సూత్రం దేశమంతా ఒక్కలాగా నడవదు.

దీనికి మాత్రం పాలమూరు తెలుగులో జోడీ దొరకలేదు. నాకు దొరకకపోవడం ఒకందుకు మంచిదే, అన్నింటికీ దొరికితే సారు చెప్పినట్టే నేను వెతుక్కుంటున్నట్టు అయ్యేది. బిడ్డ పోయేది పాదువాకు, అంటే ఉత్తరానికి. అక్కడ మాటల్లో రెమోతోతో పని పడదు. చదివేటప్పుడు గుర్తుపడితే చాలు. ‘ఫు’ అంటే ఉండె, ‘నాక్వె’ అంటే పుట్టిండు, ‘దిస్సె’ అంటే అన్నడు, ‘ఫేచె’ అంటే చేసిండు. ఇప్పటికి ఈ నాలుగూ రాసి వంటింటి తలుపుకు అంటించింది. అమ్మకు అవి చదవరావు గానీ, దాన్ని దాటినప్పుడల్లా "ఇయ్యాలేం నేర్చినవే" అని అడుగుతుంది, అది తడుముకోకుండా పస్సాతో ప్రోస్సిమోలో జవాబు చెప్తుంది.